కొక్కెం లేని పెట్టె

కాబ్వే రైలు యార్డులో ముప్పై ఒక్కేళ్లు
పెట్టెకి పెట్టె తగిలించాడు చిపెపో.
ఇప్పుడు మంగళవారాలు క్లినిక్ వరండాలో
నీలం రంగు ఊడిపోయిన బెంచీ మీద
కొత్తగా సీసా చేతికొచ్చినవాళ్ల పక్కన కూర్చుంటాడు.
జీతం లేదు. టీ ఇస్తారు, రెండు బన్నులు.

"ఇది దాన్ని చంపుతుందా?"
అడిగింది నమసికు,
పాత బట్టల సంతలో లెక్క తప్పని పిల్ల.

"చంపదు. బండిని పూర్తి కానివ్వదు" అంటూ
జేబులోంచి సోడా మూతలు తీసి
నేల మీద వరసగా పేర్చాడు.

"అది మన కణంలోకొచ్చేటప్పుడు
చేతిలో కాగితం ముక్కే, బండి లేదు.
కాగితం చదివి బండి కట్టే గుమాస్తాని మాత్రం
వెంటబెట్టుకొస్తుంది.
పెట్టెలు నాలుగే రకాలు. అవీ మనవే,
మన యార్డులోంచి ఎత్తుకున్నవే.

గుమాస్తాకి తొందర. వెనక్కి తిరిగి చూడడు.
నేనైతే ప్రతి కొక్కేన్నీ సుత్తితో కొట్టి
చెవి పెట్టి వినేవాణ్ణి.

ఈ మాత్రలో ఉన్నదీ ఒక పెట్టే.
అదే రంగు, అవే చక్రాలు,
మూడు ముద్రలు పడందే లోపలికి రానివ్వరు గదా,
ఆ ముద్రలూ మన కణమే వేసి పంపుతుంది.
ముందు కొక్కెం ఉంది, తగులుకుంటుంది.
వెనక,"
ఒక మూతని బోర్లించాడు,
"వెనక ఏమీ లేదు."

ఇది రాస్తుంటే నాకు మన పొల్లు గుర్తొచ్చింది.
అచ్చుతో ముగిసే మాటలు మనవి,
ఒక్కొక్కటీ వెనక్కి చెయ్యి చాచి ఉంచుతుంది
తర్వాతి మాట అందుకోడానికి.
నకారం నెత్తిన పొల్లు పెట్టి చూడండి.
చెయ్యి ముడుచుకుంటుంది.
న్.
గొంతు అక్కడే నిలబడిపోతుంది.

చిపెపో బూటు విప్పాడు.
"మా రోజుల్లో మాత్రలు మననీ మోసం చేశాయి.
కణంలో బొగ్గు వేసే కొట్టు ఒకటుంటుంది,
అక్కడ మన గుమాస్తా ఇంకొకడు.
వాడూ ఆ దొంగ పెట్టెనే తగిలించాడు.
మొదట నిప్పులు తొక్కినట్టు,
తర్వాత అసలేమీ తొక్కనట్టు.
పట్టాల మధ్య కంకర ఎలా ఉంటుందో
ఈ పాదాలు మర్చిపోయాయి.
అయినా వీటి మీదే నిలబడి ఉన్నానా లేదా?
ఇప్పటి మాత్రలు మంచివి. భయపడకు."

"ఒక రోజు మర్చిపోతే?"

"మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో.
మానేస్తూ పోతేనే చిక్కు.
ఆ గుమాస్తా తప్పుల తడక.
తప్పులు రాసీ రాసీ
ఏదో ఒక తప్పు దగ్గర వాడికి చూపొస్తుంది.
అందుకే రెండు దొంగ పెట్టెలు పంపుతాం,
పట్టాలు కలిసే చోట తాళం ఒకటి."

"ఎన్నాళ్లు?"

దీనికి టీ పూర్తిగా తాగాక గానీ జవాబు రాలేదు.
"మాత్ర కంటే ముందే చేరుకున్న బండ్లు కొన్ని
మన పట్టాల్లోనే కలిసిపోయి పడుకున్నాయి.
ఎక్కడో ఎవరికీ తెలీదు.
ఇది వాటిని కదపలేదు.
అవి నిద్ర లేచి కాగితాలు పంపిన రోజున మాత్రం
ఇది అక్కడ కాపు ఉండాలి.
ఏ రోజో తెలీదు కాబట్టి
రోజూ."

రెండో బన్ను ఆమె చేతిలో పెట్టాడు.

మినీబస్సులో గలగలమనకుండా
నమసికు సీసాలో దూది కూరింది.
గేటు దగ్గర బస్సాగింది. రాగి మోస్తూ గూడ్సు.
నలభై మూడు దాకా లెక్కపెట్టింది.
ఆ తర్వాత ఎందుకో
అడ్డంగా నిలబడిపోయింది బండి.
కండక్టరు తిట్టాడు. కోళ్ల బుట్టావిడ తిట్టింది.
బస్సంతా కిటికీల్లోంచి మెడలు చాచింది.

ఆమె ఒక్కతే వెనక్కి వాలి
బన్ను తుంచుకుంది.