ఆ రెండు మాటల దగ్గర

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధిలో
బైరాగి మహారణా దుకాణం ముందు ఆగి
నలభై రూపాయలకి ఒక జడపిన్ను కొన్నాను.
దున్నకొమ్ముని సెగ చూపి, వంచి,
కొబ్బరినూనెతో మెరుగుపెట్టిన పిన్ను.
రెండు కాళ్లు, ఒక మెడ.
"జుట్టుకేనా?" అన్నాడు.
"కాదు, పాఠానికి."
నవ్వి, విరిగిన దువ్వెన పన్నొకటి
చిల్లరతో పాటు ఊరికే చేతిలో పెట్టాడు.

పాతపట్నం నుంచి రోజూ షేర్ ఆటో.
సరిహద్దు దాటామని తెలిసేది
బోర్డుల మీది అక్షరాలు గొడుగులు వేసుకున్నప్పుడే.
ఆటోవాడి తిట్లు మాత్రం అటూ ఇటూ ఒకటే.

బీఎస్సీ రెండో ఏడాది. ముప్ఫై ఒక్క మంది.
కరెంటు లేదు. ప్రొజెక్టరు నిద్రపోతోంది.
నల్లబల్ల మీద రెండు పట్టాలు గీశాను.
ఇది డీఎన్‌ఏ.
దీని మీద ఒక ఎంజైము నడుస్తుంది, చదువుకుంటూ,
చదివినదాన్ని వెనక నుంచి దారంలా వదులుతూ.
ఆ దారం ఆర్‌ఎన్‌ఏ.
అది ఊరికే వేలాడదు,
తన మీద తానే వాలుతుంది,
తన జతని తనలోనే వెతుక్కుంటుంది,
ఇదిగో ఇలా, అని పిన్ను ఎత్తి చూపించాను.

పిన్ను పడిందా, దాని వెనకే యూ, యూ, యూ,
పట్టు లేని అక్షరాల వరస,
నూనె ఒలికిన మెట్లు.
ఎంజైము జారిపోతుంది. రాత అక్కడితో సరి.
జన్యువు గుమ్మం కూడా దాటలేదు.

ఎవరాపారు?
పేగులో బతికే పిసరంత జీవి.
దానికి మెదడు లేదు, పైన మేస్త్రీ లేడు.
దారం మొదట్లో పద్నాలుగు మాటల వాక్యం ఒకటుంది,
ఎందుకూ పనికిరాని వాక్యం.
అందులో పక్కపక్కనే రెండుసార్లు
ట్రిప్టోఫాన్ కావాలని అడుగుతుంది.
రైబోజోము ఆ వాక్యం చదువుతూ వెంటపడి వస్తుంది.
కడుపు నిండిన రోజు గడగడా దాటేస్తుంది.
ముందర పిన్ను టక్కున ముడిపడుతుంది. చాలు, అంటుంది.

ట్రిప్టోఫాన్ కరువైన రోజు
ఆ రెండు మాటల దగ్గర కాలు కదలదు.
అది అక్కడ నిలబడిపోబట్టే
దారం ఇంకోలా మడత పడుతుంది,
ఈ కాలు వేరే కాలితో జతకడుతుంది,
ఆపే పిన్ను పుట్టనే పుట్టదు.
వెనక ఏం జరిగిందో తెలియని ఎంజైము
నేరుగా జన్యువులోకి వెళ్లిపోతుంది.

ఇంతవరకు ఏటా చెప్పేదే.

"ఆ పేరా చదువు" అన్నాను
కిటికీ పక్కన సుబుని గొమాంగోతో.
ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు,
చేతిలో పుస్తకం ఇంగ్లీషు.
చదివింది. రెండు మాటల దగ్గర ఆగింది.
వెనక బెంచీ నవ్వింది.
"ఊఁ, తర్వాత" అనబోయాను.
పదహారేళ్లుగా అంటున్న మాట,
గొంతు దాకా వచ్చింది.
పిన్ను ఇంకా చేతిలోనే ఉంది.

ఎంతమందిని తోసేశానో ఆ మాటతో.
గడగడా చదివేసి కూర్చున్నవాళ్లలో
ఎన్ని పిన్నులు ముడిపడ్డాయో, నాకు వినపడకుండా.

అనలేదు.
మహేంద్రతనయ వైపు నుంచి ఇసుక ట్రాక్టర్ల మోత.
సుబుని పెదవులు కదుపుతోంది.
మాట రాలేదు. ప్రశ్న వచ్చింది.
"అయితే మేడం, నేకపోతేనే అది కడదాకా రాస్తాదేటి?"

అవునన్నాను. వెంటనే సిగ్గేసింది,
లేమిని మెచ్చుకున్నానేమో అని.
ఆ పిల్ల హాస్టల్లో వారానికి నాలుగు రోజులు నీళ్ల పప్పు.

"మరి ఏటీ నేకపోతే?"

పుస్తకం మూసేశాను.
ఏమీ లేకపోతే రైబోజోము అసలు బయల్దేరదు.
దారం ఒంటరిగా తనలోకి తాను ముడుచుకుంటుంది.
అప్పుడు కూడా పిన్నే.
నిండినా పిన్నే, పూర్తిగా ఎండినా పిన్నే.
మధ్యలో ఎక్కడో
ఒక్కటి తక్కువైనప్పుడు మాత్రం తలుపు తెరుచుకుంటుంది.
ఆ ఒక్కటి ఎవరికి ఏదో
నాకు తెలియదు, అన్నాను.
క్లాసులో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

గంట కొట్టారు. బెంచీలు జరిగాయి.
సుబుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది,
వేలు కింద పెట్టుకుని.
ఆ రెండు మాటల దగ్గర మళ్లీ ఆగింది.
కొమ్ముపిన్ను నా గుప్పిట్లో వెచ్చబడింది.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.