ఎర్ర లైటు, ఏడు రాళ్లు

భీమవరం డాక్టరు నా పొట్టకి నాలుగు కన్నాలు పెట్టి
ఏడు రాళ్లు తీసి సీసాలో వేసిచ్చాడు.
మా ఆయన బుల్లబ్బాయి ఆ సీసాని
అల్మారా మీద వైఫై డబ్బా పక్కన పెట్టి
రొయ్యల చెరువు కాపలాకి పోయాడు.

పది రోజులు వంగకూడదు. బరువెత్తకూడదు.
చెయ్యి పైకి చాపకూడదు.
దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకుని దగ్గాలి.
నవ్వు గురించి డాక్టరు ఏమీ చెప్పలేదు.
నన్ను చూస్తే నవ్వే మనిషిలా అనిపించలేదేమో.

ఇరవై రెండేళ్లుగా నరసాపురం డిపోలో కండక్టర్ని.
పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ, తణుకు...
నిద్రలో లేపినా ఛార్జీలు చెబుతాను.
నిలబడి బతికినదాన్ని
ఇప్పుడు మంచం మీద వెల్లకిలా పడి
ఇంట్లో ఏది ఎందుకు కూస్తోందో లెక్కపెడుతున్నాను.

నీళ్ల మిషను కూస్తుంది, ఫిల్టరు మార్చమని.
ఇన్వర్టరు కూస్తుంది, దాహమని.
పక్కింటి సత్తెవతి గారు వేసి వెళ్లిన బట్టల మిషను
పనైపోయిందని పాట పాడుతుంది.
పాడి, తలుపు మాత్రం తియ్యదు.
గాజు వెనక నా ఖాకీ చొక్కా
లాస్టు బస్సు తప్పిపోయినట్టు చూస్తోంది.

ఇది కాక మాట్లాడే డబ్బా ఒకటి, మరిది కొడుకు కొన్నది.
"నోటితో చెబితే చాలు పెద్దమ్మా."
చెప్పాను:
"ఫ్యాను కట్టెయ్యవే."
"క్షమించండి, నాకు అర్థం కాలేదు."
"ఫ్యాను ఆపవే తల్లీ."
"తల్లి పాటలు వినిపిస్తున్నాను."
"ఆయ్... వద్దొద్దు!"
అందులో 'ఆయ్' ఒక్కటే ఏరుకుని
సౌండు పెంచింది.

నూట పది మంది మధ్యలోంచి "టికెట్" అంటే
అద్దంలో డ్రైవరు ఏసుపాదం తలెత్తేవాడు.
ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు జేబు తడుముకునేవాడు.
కొబ్బరికాయంత లేని దీనికి నా గొంతు ఎక్కలేదు.
కానీ ఆ 'క్షమించండి' ఉంది చూశారూ,
ఇరవై రెండేళ్లలో
చిల్లర లేని ఒక్కడూ నాతో ఆ మాట అన్లేదు.

నవ్వొచ్చింది.
దిండు దొరికేలోపే బొడ్డు దగ్గర కుట్టు చుర్రుమంది.
ఆపరేషన్లో కడుపులో నింపిన గాలి
ఇంకా దిగలేదు,
కుడి భుజంలోకి ఎక్కి కూచుంది
టికెట్ లేకుండా.

సెలవు కాగితం ఐదింటిలోగా ఫోన్లోంచి పంపాలి, డిపోలో కొత్త పద్ధతి.
ఫోన్లో డేటా పొద్దున్నే ఖాళీ.
వైఫై డబ్బా మీద ఎర్ర లైటు.
ఆ వెలుగులో సీసాలో నా రాళ్లు
గురివింద గింజల్లా ఉన్నాయి.
కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకటి నొక్కి, మూడు నొక్కి, పావుగంట సన్నాయి విన్నాక
ఎవరో కుర్రాడు: "ఒకసారి ఆపి వెయ్యండి మేడమ్."
అల్మారా ఆరడుగులు బాబూ.
నేను ఐదుకి చిల్లర తక్కువ.
చెయ్యెత్తితే నాలుగు కన్నాలూ నోళ్లు తెరుస్తాయి.
"స్విచ్చి డబ్బా వెనకాలే ఉంటుంది మేడమ్."

మూడున్నరకి కరెంటు పోయింది.
ఇన్వర్టరు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.
అన్నీ నోరు మూశాయి.
కాలవ గట్టు మీద ఎవరో చింతాకు చేపలు అమ్ముతోంది,
గొంతు నాకంటే రెండు వీధులు ఎక్కువే పోతుంది.
తర్వాత మా సందు మలుపులో హారను, రెండుసార్లు.
మూడూ నలభై తణుకు సర్వీసు.
ఆ మలుపులో హారనక్కర్లేదు.
ఏసుపాదానికీ తెలుసు.

ఎప్పుడు కునుకు పట్టిందో.
కరెంటొచ్చి అన్నీ కలిసి కూస్తే లేచాను.
బట్టల మిషను తలుపు టక్కున ఊడింది.
ఫ్యాను, నేను ఆపమన్న ఫ్యాను, మళ్లీ మొదలు.
అల్మారా మీద ఎరుపు, కాసేపు నారింజ,
తర్వాత పచ్చ.
కుర్రాడు చెయ్యమన్న పని
కరెంటాఫీసు వాళ్లు చేసిపెట్టారు.

ఐదుకి పది నిమిషాలు.
సెలవుకి కారణం: జ్వరం, ప్రసవం, ప్రమాదం, ఇతరములు.
రాళ్లు లేవు.
తలెత్తి చూస్తే సీసాలో అవి
నానబెట్టిన పెసల్లా, ఎంత పచ్చగా ఉన్నాయో.
'ఇతరములు' నొక్కాను.