గాలి ముదిరిన రోజు

పదిహేడేళ్లుగా కీల్ రేవులో
టగ్గు మీద తాడు అందుకోవడం నా కొలువు.
పదిహేనేసి అంతస్తుల తెల్లటి ఓడలు
ఇప్పుడు వాటంతట అవే పక్కకు జరుగుతాయి, తిరుగుతాయి.
గాలి ముదిరిన రోజే మాకు పిలుపు.
వెళ్తాం, పట్టుకుంటాం, వదిలేస్తాం.
పైనుంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపుతారు.
నేనెప్పుడూ తిరిగి ఊపలేదు, చేతిలో పని.

ఈ ఆదివారం అలాంటి ఓడే ఒకటి
మా వంటింటి బల్ల మీద పరుచుకుంది,
అంతస్తుకో కాగితం చొప్పున.
వీబ్కె చెవి మీద పెన్సిల్,
ఒలుస్తున్న బఠాణీల గిన్నె, పద్దు పుస్తకం,
వాటి నడుమ నార్వే.

మధ్యధరా అన్నాడు త్యార్క్.
అక్కడిదాకా నాలుగు విమానం టికెట్లు ఎవరు కొంటారు?
ఇక్కడైతే మూడో నంబరు బస్సు దిగి
పెట్టె ఈడ్చుకుంటూ ఎక్కేయొచ్చు.
బడి సెలవులు మొదలైన రోజే
ధరలకు రెక్కలొస్తాయి.
వారం ముందు వెళ్తే సగమే,
కానీ వాడి టీచరమ్మ
దొంగజ్వరాన్ని ఫోనులోనే పసిగడుతుంది.

వాడికి తొమ్మిదేళ్లు. జారుడుబల్ల తప్ప
ఓడలో మిగతాదంతా దండగ.
మేర్లెకి ఐదేళ్ల పది నెలలు.
ఆటగదిలో ఆరు నిండినవాళ్లు ఒకవైపు,
నిండనివాళ్లు ఒకవైపు.
"రెండు నెలలేగా, మునివేళ్ల మీద నిలబడతా" అంటుంది.

వీబ్కెకి కిటికీ కావాలి.
బాల్కనీ మాట ఎత్తలేదు.
వేలు మాత్రం ఆ గదుల వరస మీద కాసేపు ఆగి
ఏమీ ఎరగనట్టు కిందికి దిగింది.
కిటికీ ఉన్న గదికీ లేని గదికీ తేడా
నలుగురికీ కలిపి ఆరు వందల ఇరవై యూరోలు.
అంటే ఒక వాషింగ్ మెషీన్.
మాది ఈమధ్య తిరిగేటప్పుడు మూలుగుతోంది కూడా.

నాకు తెలిసిందొక్కటే, అదే చెప్పాను:
ముక్కు దగ్గర వద్దు, అల కొట్టేది అక్కడ.
తోక దగ్గర వద్దు,
ప్రొపెల్లర్ వణుకు పళ్లలోకి ఎక్కుతుంది.
నడుమ, కింద, నీటికి దగ్గరగా.
డాన్సు హాలు కింద అసలొద్దు.
నా గొంతులో అంత అధికారం
ఈ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.
త్యార్క్ నా వైపు తిరిగి చూశాడు,
జారుడుబల్లను చూసినట్టు.

ఒడ్డున బస్సుకు వేరే డబ్బు.
నిమ్మరసానికి వేరే. టిప్పులు వేరే.
వాంతి మాత్రలు, వానకోట్లు, మేర్లె కుందేలు బొమ్మ,
ఆ కుందేలుకో వానకోటు...
జాబితా చేంతాడంత అయింది.
వీబ్కె కూడింది, కొట్టేసింది, మళ్లీ కూడింది.
అంకెలు కనికరించలేదు.

అప్పుడడిగింది మేర్లె, పచ్చి బఠాణీ నములుతూ:
"నాన్నా, ఆ రోజు గాలి వస్తే?
నువ్వు పైన ఉంటావుగా.
మరి మనల్ని ఎవరు లాగుతారు?"

డెట్లెఫ్ ఉన్నాడుగా, అనబోయాను.
వాడి చేతులు నాకన్నా నమ్మకమైనవి.
అయినా మాట
తాడు చుట్టలా గొంతులో కూర్చుంది.
నేను లేని రేవు ఎలా ఉంటుందో
పదిహేడేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.
బాగానే ఉంటుందేమో.
ఆ సంగతే కొంచెం మింగుడుపడలేదు.

పిల్లలు పడుకున్నాక
కిటికీ లేని గదే నొక్కాం. నాలుగో అంతస్తు, నడుమన.
"మెషీన్ కొందాంలే" అంది వీబ్కె,
పెన్సిల్ ఇంకా చెవి మీదే.

కాగితాలు మడుస్తుంటే కనిపించింది:
ఓడ ముక్కు దగ్గర మొదలై
అంచు దాటి, బల్ల చెక్క మీదికి పాకిన
నీలం క్రేయాన్ గీత.
దాని చివర బఠాణీ అంత పడవ.
పడవలో ఒకడు, పడవకన్నా పెద్ద చెయ్యి ఊపుతూ.

తడిగుడ్డ తెచ్చిన వీబ్కె
బల్లంతా తుడిచింది,
దాని చుట్టూ.