రెండో రకం

సైదాపురం దాటినాక ఎడమవైపు
కప్పు సగం లేచిపోయిన కంపెనీ షెడ్డు.
లోపల దయామణి బొమ్మలు పెట్టిందంటే చూడబోయాను.
బొమ్మలేం లేవు.
దూలానికి దారాలు, దారాలకి అభ్రకం రేకులు.
చిన్నప్పుడు కాకిబంగారమని మేం జేబుల్లో దాచుకున్నవే.
గాలొస్తే ఎండుటాకుల చప్పుడు.

నేను రిటైరైన అయ్యవారిని.
కంపెనీ యాభయ్యేళ్ల సంచిక రాసింది నేనే.
గని లోతెన్ని అడుగులు, ఎన్ని టన్నులు ఓడెక్కాయి,
ఏ దొర ఏ ఏడు గుర్రమెక్కి వచ్చాడు,
అన్నీ సరిచూసి రాశాను. తప్పొక్కటీ లేదు.
నలభయ్యో పేజీలో ఒక్క వాక్యం:
"రేకులు చీల్చుటకు స్త్రీలను నియమించిరి."

ఆ ఒక్క వాక్యాన్నే ఈ పిల్ల
షెడ్డు నిండా వేలాడదీసింది.

రేకుకో బొటనవేలు.
పాత కూలి పుస్తకంలోంచి ఎత్తినవి ఒక వరస,
నీలి సిరా, సుళ్లు సుళ్లుగా,
బావిలో గులకరాయి పడ్డట్టు.
ఎదురు వరసలో మొన్న వేయించినవి. అవే వేళ్లు.
ఉత్త మరక. సుడి లేదు, గీత లేదు.
కత్తీ రేకూ కలిసి
ముప్పయ్యేళ్లు నున్నగా చెక్కిన చర్మం.

"పింఛను మిషనూ ఇట్టానే అంటది,
నువ్వు నువ్వు కాదు పొమ్మని."
పెంచలమ్మ నవ్వింది.

ఆమె చూట్టానికి వచ్చినట్టు లేదు.
ఒక్కో రేకునీ వెలుతురుకెత్తి
"మచ్చది, రెండో రకం" అంటూ
దారం తెంపి పక్కన పెడుతోంది.
తన వేలున్న రేకునీ తీసేసింది.
నేను ఆపబోయాను, దయామణి నన్ను ఆపింది.
"కానీండయ్యవారూ."

ఇంకో రేకు చేతికి మందంగా తగిలిందేమో,
"ఎవురు చీల్చిందిది, చేతకాని పని!"
కోప్పడి, కొంగు పిన్నీసుతో అంచు గిల్లింది.
ఒకటి రెండయింది. రెండు నాలుగు.
నాలుగోది ఊపిరికే వణికింది.

మూల బల్ల మీద నా సంచిక,
నలభయ్యో పేజీ తెరిచి, పైన అభ్రకం పలక కప్పి.
అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.
వంగి చదవబోతే
నా ముఖమే అడ్డొచ్చింది.

వచ్చినవాళ్లు వేలేసి పోవాలట.
సిరా అద్ది నేనూ వేశాను.
నలభయ్యేళ్లు సుద్దముక్క తప్ప
ఏమీ పట్టని వేలు, ప్రతి గీతా పడింది.

పెంచలమ్మ దాన్ని ఎండకెత్తి
అటూ ఇటూ తిప్పి చూసింది.
"రవ్వంత మచ్చ లేదయ్యోరా," అంది,
"మొదటి రకం."