ఎంతమంది?

పాత సిలిండరుకి అడుగున చిల్లి పడింది.
రాగిది. నాకంటే మూడేళ్ళు పెద్దది.
జులై నెల, డనీడిన్ కొండవాలు,
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టే రోజులు.
హాల్లో తివాచీ తడిసిపోయి
అడుగేస్తే కప్ప అరిచినట్టు చప్పుడు.

సియోసి వచ్చాడు. బూట్లు గడప అవతలే విప్పి
బొటనవేలు తొంగిచూసే మేజోళ్ళతో లోపలికి నడిచి
అలమర తెరిచి, తల లోపల పెట్టి,
డాక్టరు వీపు తట్టినట్టు రెండుసార్లు తట్టి,
"దీని పని అయిపోయింది" అన్నాడు.
తర్వాత పెన్సిలు తీసి
"ఇంట్లో ఎంతమంది?" అని అడిగాడు.

తేలికైన ప్రశ్నే.
నేను, నా మగపిల్లలిద్దరు,
మార్చి నుంచి ఫెర్గస్,
అతని కూతురు
అక్కడ ఆగాను.

టిల్డాకి పదిహేనేళ్ళు.
ఇంతవరకు రెండే రెండుసార్లు వచ్చింది.
మొదటిసారి కోటు విప్పలేదు.
రెండోసారి స్నానాల గదిలోకి వెళ్ళి
నలభై నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు.
మావాళ్ళిద్దరూ రగ్బీ బురదతో వరండాలో
దున్నపిల్లల్లా ఆవిర్లు కక్కుతూ నిలబడ్డారు.
ఆ రాత్రి అంట్లన్నీ కెటిల్ నీళ్ళతో తోమాను.
నేను ఎవర్నీ ఏమీ అనలేదు.
గిన్నెలే కాస్త గట్టిగా మాట్లాడాయి.

"నూట ఎనభై లీటర్లది చాలు" అన్నాను.
"మూడొందలు" అన్నాడు ఫెర్గస్, తడి తివాచీతో చెబుతున్నట్టు.

సియోసి పెన్సిలు చెవిసందున పెట్టుకుని
ఇలాంటి ఇళ్ళు చాలా చూసినవాడిలా
వేరే సంగతుల్లోకి దిగాడు:
స్టీలుదైతే ఇంత, ఎనామెల్ పూతదైతే అంత,
రాత్రిపూట కరెంటు చవక, అప్పుడే కాచి పెట్టుకుంటుంది,
అరవై డిగ్రీలకి తగ్గించొద్దు, క్రిములు పెరుగుతాయి.
ఎనామెల్‌దాంట్లో ఒక కడ్డీ ఉంటుంది,
తొట్టికి పట్టాల్సిన తుప్పంతా అది పట్టించుకుంటుంది,
ఎంత మిగిలిందో అయిదేళ్ళకోసారి చూసుకోవాలి.
"ఆ కడ్డీని ఎవరైనా అడిగారా?" అన్నాడు మా చిన్నవాడు రువా.
నేనూ ఫెర్గసూ
చెరో గోడా చూసుకున్నాం.

"ఇంకోటి, కొత్తవి వేడిని బయటికి వదలవు.
మీ పాతదాంట్లోంచి ఎంత పోయేదో తెలుసా, ఊరికే,
రాత్రీ పగలూ?"

తెలుసు.
అలా ఊరికే పోయినదాంట్లోనే
పదకొండేళ్ళు మా రొట్టెపిండి పొంగింది.
స్కూలు చొక్కాలు ఆరాయి.
చెవుడొచ్చిన పిల్లి మూడు చలికాలాలు గట్టెక్కింది.
నెలనెలా బిల్లులో అది ఏ వరసలో ఉండేదో
నేనెప్పుడూ వెతకలేదు.

"పెద్దది కావాలంటే పై అర తీసెయ్యాలి మరి,
సామాను ఖాళీ చేయండి" అన్నాడు.
దుప్పట్లు తీశాను. తువ్వాళ్ళు తీశాను.
అన్నిటికీ వెనక, గోడకి ఆనించి,
నీలం మేజోళ్ళ జత,
ఒకదాన్లో ఒకటి దూర్చి ఉండగా చుట్టింది.
మా ఇంట్లో ఎవరూ అలా చుట్టరు.
మరిచిపోయినవాళ్ళు అసలే చుట్టరు.
ఇంకా వెచ్చగా ఉన్నాయి,
లేక నా చేతులే మరీ చల్లబడ్డాయేమో.

ఫెర్గస్ చూశాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు.
మంచి మనిషి. ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసు,
ఎప్పుడు మాట్లాడాలో ఇంకా నేర్చుకుంటున్నాడు.

"అర కోసెయ్" అన్నాను సియోసితో.
"ఎంతమందని రాయమంటారు?"
"అయిదుగురు."
రాశాడు. అంకె కింద ఒక గీత కూడా గీశాడు, ఎందుకో.

కొత్తది గురువారం గాని రాదట.
అందాకా కెటిల్, ఒక జాలాడి బకెట్,
ఎవరు ముందన్న తగువు.
పిల్లి ఖాళీ అలమరలోకి వెళ్ళి, వాసన చూసి,
నావైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.
మేజోళ్ళు ఎక్కడ పెట్టాలో తోచక
పొద్దుటినుంచీ ఏప్రాన్ జేబులో వేసుకు తిరుగుతున్నాను.