బస్రా బిళ్ళ

మా ఇంట్లో దాన్ని మెడల్ అనరు.
బస్రా బిళ్ళ.
పీర్ల పండక్కి వారం ముందు
జేజి దాన్ని బీడీల డబ్బాలోంచి తీసి
చింతపండు పిసికి, ఇటుకపొడి చల్లి
బొటనవేలు ఎర్రబడేదాకా తోమేది.
తోమి ఎండలో పెడితే
గుత్తి కోట బురుజు కూడా
ఒక్క నిమిషం దాని ముందు చిన్నబోయేది.
"అందరికీ ఎండి బిళ్ళలిచ్చినారు,
మా మామకు మాత్రం బంగారుది.
తుపాకీ అట్ల పట్టినాడు మల్ల!"

ఒక కరువేడు మా నాయన దాన్ని
శేటు అంగడికి తీసుకపోయినాడంట.
శేటు గీటురాయి కూడా బయటికి తీయలేదు.
"కంచు" అన్నాడు.
నాయన ఆ మాటను ఇంటికి తేలేదు.
దోవలోనే ఎక్కడో పారేసి వచ్చి
బిళ్ళను డబ్బాలో పెట్టి
దూదేకే విల్లుకు నారి బిగించుకుంటా కూర్చున్నాడు.
నాకు చెప్పింది పోయే ముందు,
ఆసుపత్రి మంచం మీద.

జేజి కూడా పోయినాక
భూతద్దం పెట్టి బిళ్ళ అంచు తిప్పి చూశాను.
అక్షరాలుండాల్సిన చోట
పెన్నలో గులకరాయంత నునుపు.
ఒక ఏడు, ఒక మూడు. తర్వాత ఏమీ లేదు.
పేరును తినింది తుప్పు కాదు,
అరవై ఏండ్ల చింతపండు.

అనంతపురం కలెక్టరాఫీసు రికార్డు గదిలో
నాలుగు సోమవారాలు.
ఫసలీ పదమూడు నూర్ల ఇరవైయేడు.
కట్ట విప్పితే ముందు ఎర్రగుడ్డ చిరిగేది,
తర్వాత కాగితం, తర్వాత నా ఓపిక.
కె కింద కుళ్ళాయప్ప లేడు.
కుళ్ళాయిరెడ్డి ఉన్నాడు, కుమ్మర కుళ్ళాయి ఉన్నాడు,
శిస్తు ఎగ్గొట్టిన ఒక కుళ్ళాయమ్మ కూడా ఉంది.
అటెండరు మద్దిలేటి టీ గ్లాసు కిందపెట్టి అన్నాడు,
"దొరల కచేరీకి మన పేర్లు నోరు తిరుగుతాయా అక్కా?
సి కూడా చూడు."

సి.
కూలీ అప్ప. తండ్రి పకీరయ్య.
దూదేకుల. గుత్తి తాలూకా.

ఎవరో గుమాస్తా చెవిలో
గూగూడు కుళ్ళాయిస్వామి పేరు
కూలీ అయిపోయింది.
లేదా సరిగ్గానే విన్నాడేమో,
తల ఎత్తి, వరసలో నిలబడ్డ మనిషిని చూసి
రాసుకున్నాడేమో.
పక్క గడిలో: మోత దండు, బస్రా.
ఆ పక్క గడిలో: కంచు.
తుపాకీకి గడే లేదు ఆ పుటలో.
ఎండి తుపాకులకంట.
కంచు మూపులకు.

ఇక మిగిలింది ఫొటో.
బస్టాండు కాడ ఓబులేసు స్టూడియోలో
కంప్యూటర్ తెర మీద మా ముత్తాత
మరకలు ఒక్కొక్కటే విదిల్చుకుంటా లేచి నిలబడినాడు.
తలగుడ్డ మడతలు తేలినాయి.
చెవిపోగు తేలింది.
కుడి భుజం ఎడమదానికంటే
రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది.
"సమం చేసేదా?" అన్నాడు ఓబులేసు.
వద్దన్నాను.
కుడి చేయి మణికట్టు దాకా చెదలు తినేసింది.
"ఈడ తుపాకీ పెట్టేదా?
మీ జేజి చెప్పేది గదా, ఊరందరికీ తెలుసు.
రెండు నిమిషాల పని."
తెర మీద వరసగా తుపాకులు తెరిచినాడు,
పెండ్లి కార్డుల మాదిరి, ఏది కావాలంటే అది.

అబద్ధం చెప్పను.
మూడోది నాకు నచ్చింది.
జేజి బొటనవేలు గుర్తొచ్చింది.
ఆ వేలి కింద మూట దించుకుంటా ఒక మనిషి,
ఎవరి యుద్ధమో ఎవరూ చెప్పకపోయినా
మూట బరువు మాత్రం తెలిసినవాడు.

"చెదలు తిన్న చోటు
చెదలు తిన్నట్లే ఉండనీ" అన్నాను.
ఓబులేసు డబ్బులు తగ్గించుకున్నాడు.

ఈ ఏడు బిళ్ళను నేనే తోమాను.
ఏడూ మూడూ ఉన్న చోట వేలు ఆపాను.
మా తమ్ముని కూతురు నస్రీన్ వచ్చి
"బంగారమా అత్తా?" అనింది.
"కంచు" అన్నాను.
నాయన దోవలో పారేసిన మాట
ఇన్నేండ్లకు గడప దాటింది.

"కంచయితే మోగల్ల గదా" అని
ఆ పిల్ల దాన్ని బండల మీద వదిలింది.

వంటింట్లోంచి మరదలు అరిచింది,
"ఏం పడిందే?"