మధ్యగోడ

కెంటకీలో, ఒహాయో నది ఒడ్డున,
మార్లో రేవులో ఒక ఇటుకల చర్చి.
దాని నడుమ గోడ కట్టింది మా నాన్న.
పేరు అబ్‌సలమ్. వడ్రంగం.
రోజుకు డాలరున్నర కూలి,
అది నేరుగా హాస్కిన్ దొర జేబులోకి.
నాన్నకు మిగిలింది అరచేతిలో దిగిన పేళ్ళు.

గోడ ఎందుకంటే,
మనిషిని మనిషి కొనొచ్చా అన్న చోట
పాస్టరు ఒక ఆదివారం తడబడ్డాడు.
తడబడ్డాడు, అంతే.
ఔననలేదు, కాదనలేదు.
ఆ సందు చాలింది.

కమ్మరి కొలిమి దగ్గర రాజుకున్న మాట
కోర్టు మెట్లెక్కింది,
కుదిరిన పెళ్ళిళ్ళు తప్పించింది,
పడమట ఇంకా పొయ్యి వెలగని నేలల దాకా పాకింది.
అక్కడ ఎవరి కాలికి సంకెల ఉండాలో
ఇక్కడ పందేలు కాశారు.
వాషింగ్టన్‌లో ముసలివాళ్ళు
అతుకు మీద అతుకు వేశారు.
బట్టే పిగిలిపోయాక
అతుకు దేన్ని పట్టుకుంటుంది?

కుడి వైపు ఒక గుంపు, ఎడమ వైపు ఒక గుంపు.
తలుపులు రెండు.
స్టవ్ మాత్రం ఒకటే గనుక
గోడకు కంత పెట్టి వేడి సమంగా పంచమన్నారు.
నాన్న పంచాడు.
గోడ మేడమెట్ల దాకా వచ్చి ఆగిపోయింది.
పైన, కప్పుకు తల తగిలే చోట, మేం.
మమ్మల్ని ఎటు పంచాలో ఎవరికీ తోచలేదు.
తగువంతా మా గురించేనట.

పైనుంచి రెండు వైపులా కనిపించేవి.
అటూ ఇటూ అదే పుస్తకం, అదే పేజీ,
వేలు ఆనిన వరుస వేరు.
డాక్టర్ టిల్‌మన్ గోడ మీద పిల్లి,
ఒక వారం అటు, ఒక వారం ఇటు.
ఎడమ వాళ్ళు మంచివాళ్ళనుకునేదాన్ని,
తొమ్మిదేళ్ళదాన్ని.
అందులోని ప్రూయెట్ దొరసాని
'పాపం, పాపం' అంటూనే
మా అమ్మ కెజాయాను హాస్కిన్ దగ్గర అద్దెకు తీసుకుని
గౌన్లు ఉతికించేది.

ఎన్నికలొచ్చాయి. మా దగ్గర
ఓటంటే గొంతెత్తి పేరు చెప్పడమే.
ఉత్తరాది ఆయన పేరు పలికింది ఊరంతటికీ ఇద్దరు.
అందులో ఒకడి గుర్రాల కొట్టం
ఆ రాత్రే తగలబడింది.
చలికాలమంతా రాష్ట్రాలు
పాత కోటు గుండీల్లా ఒక్కొక్కటే తెగి రాలాయి.
ఎక్కడో సముద్రపు కోట మీద ఫిరంగి పేలింది.
'నేనెవరి వైపూ కాను' అంది కెంటకీ,
సెప్టెంబరు దాకా.

తర్వాత చర్చి ఆసుపత్రి అయింది.
క్షతగాత్రులకు చోటు చాలక గోడ పీకమన్నారు.
పీకిందీ మా నాన్నే.
అదే కూలి, అదే జేబు.
ఆ పలకలతోనే పెట్టెలు చేశాడు.
వంగిన మేకుల్ని రాతి మీద సాగగొట్టి
మళ్ళీ దిగేశాడు, తన మేకులే.
నీలం కోటైనా బూడిద కోటైనా
పడుకోబెట్టి కొలిస్తే
అందరూ పిల్లలే అన్నాడు అమ్మతో.
అమ్మ జవాబివ్వలేదు.
మా అన్నను పద్నాలుగో ఏట మిసిసిపీకి అమ్మేశారు,
వాడి కొలత ఎవరూ తియ్యలేదు.

అరవై నాలుగు వేసవి, ఒక రాత్రి,
రంపం గోడకు తగిలించి, దీపం ఆర్పి,
నాన్న సైన్యపు శిబిరానికి నడిచి వెళ్ళాడు.
ఇంటిపేరు హాస్కిన్ అని రాయబోయిన గుమాస్తాను
ఆగమన్నాడట.
ఇంకో పేరు తట్టే దాకా
వెనక వరుసంతా నిలబడే ఉందట.
అబ్‌సలమ్ పోయిన నష్టానికి
హాస్కిన్ దొర ప్రభుత్వానికి
మూడొందల డాలర్ల బిల్లు పెట్టాడు.

తిరిగొచ్చాడు, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు.
మా చర్చి మేమే కట్టుకున్నాం,
సన్నటి పైన్ కర్రతో, కొండవాలులో.
పలకలు మిగిలాయి, మేడ వేద్దామన్నారు పెద్దలు,
పిల్లలు కూర్చోడానికి.

నాన్న నోట్లోని మేకులు
ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.
'పిల్లలు కిందే' అన్నాడు.